పరిశోధనకు లాప్‌టాప్: నిల్వ సామర్థ్యమా, ప్రాసెసింగ్ శక్తియా?

స్నాతకోత్తర విద్యార్థులు అనేకులు పరిశోధనాంశం ఖరారు కాకముందే లాప్‌టాప్ కొంటారు. ఒకే ధరలో అధిక నిల్వ గల యంత్రమొకటి, మెరుగైన ప్రాసెసర్ గల యంత్రమొకటి ఎదురైనప్పుడు టెరాబైటు అన్న మాటకే మొగ్గు చూపడం సాధారణం. కానీ జింకు లోపించిన వరి మడిలో నత్రజని మోతాదు ఎంత పెంచినా దిగుబడి పెరగదు. కంప్యూటరులోనూ పనిని నిలిపివేస్తున్న పరిమిత కారకం ఏదో ముందుగా గుర్తించాలి.

8 చికిత్సలు, 3 పునరావృత్తులతో వేసిన ఆర్‌బీడీ ప్రయోగంలో 24 మళ్లుంటాయి. మొక్క ఎత్తు మొదలుకొని గింజ దిగుబడి వరకు నమోదు చేసిన అంకెలన్నీ ఒక చిన్న ఎక్సెల్ ఫైలులో ఇముడుతాయి. వాటి అనోవా పాత కంప్యూటరుపైనా క్షణాల్లో పూర్తవుతుంది. ఈ తరహా ప్రయోగాలకే పరిమితమయ్యే విద్యార్థికి ఖరీదైన ప్రాసెసరూ అక్కరలేదు, పెద్ద డిస్కూ అక్కరలేదు.

పంట అనుకరణ నమూనాల సంగతి వేరు. డీఎస్‌ఎస్‌ఏటీలో 30 సంవత్సరాల వాతావరణానికి, 5 విత్తే తేదీలకు, 6 నత్రజని స్థాయిలకు వరి పెరుగుదలను అంచనా వేయాలంటే 900 అనుకరణలు నడపాలి. వాతావరణ, నేల ఫైళ్లు చిన్నవే. భారమంతా గణనపైనే పడుతుంది.

అందరూ తడబడేది ఉపగ్రహ చిత్రాల వద్ద. సెంటినెల్-2 చిత్రంలో 10 మీటర్ల స్పష్టత గల ఒక్కొక్క బ్యాండులో 10980 × 10980, అనగా సుమారు 12 కోట్ల పిక్సెళ్లుంటాయి. డిస్కుపై ఒక్కొక్క పిక్సెలుకు 2 బైట్లు చాలు. అదే బ్యాండును ఆర్ సాఫ్ట్‌వేరులో దశాంశ సంఖ్యల మాత్రికగా తెరిస్తే పిక్సెలుకు 8 బైట్ల చొప్పున దాదాపు ఒక గిగాబైటు ర్యామ్ ఆక్రమిస్తుంది. ఎన్‌డీవీఐ గణనకు ఎరుపు, సమీప పరారుణ బ్యాండ్లు రెండు, వాటి భేదం, మొత్తం, చివరి ఫలితం కలిపి దాదాపు 5 గిగాబైట్లు కావాలి. విండోస్ వినియోగం పోగా 8 గిగాబైట్ల యంత్రంలో అంత మిగలడం కష్టం. అప్పుడు కంప్యూటరు డిస్కును ర్యామ్‌కు మారుగా వాడుకొంటూ నత్తనడక నడుస్తుంది. విద్యార్థి ప్రాసెసరును నిందిస్తాడు, లోపించినది ర్యామ్. అధ్యయన ప్రాంతం ఒక మండలమే అయినప్పుడు, చిత్రాన్ని ఆ హద్దులకు కత్తిరించకుండా గణన మొదలుపెట్టడం కూడా ఇందుకు కారణమే. గూగుల్ ఎర్త్ ఇంజిన్ వాడేవారికి గణన దూరపు సర్వర్లపై జరుగుతుంది గనుక ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇక నిల్వ. దీనిలో వేగం, పరిమాణం వేర్వేరు లక్షణాలు. పాత హార్డ్‌డిస్కు సెకనుకు 100 నుండి 150 మెగాబైట్లు చదివితే, సాధారణ సాటా ఎస్‌ఎస్‌డి సుమారు 500 చదువుతుంది. కాబట్టి పెద్ద హార్డ్‌డిస్కు కంటె చిన్న ఎస్‌ఎస్‌డి మేలు. పరిమాణాన్ని తరువాత కూడా పెంచుకోవచ్చు. బయటి డిస్కు ఎప్పుడైనా కొనవచ్చు. లాప్‌టాప్ ప్రాసెసర్ సాధారణంగా మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. పలుచని నమూనాల్లో ర్యామ్ కూడా అంతే. కనుక నమూనాలతో, చిత్రాలతో పనిచేసేవారు 512 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డితో సరిపెట్టుకొని, మిగిలిన సొమ్మును మొదట 16 గిగాబైట్ల ర్యామ్‌కు, తరువాత ప్రాసెసరుకు వెచ్చించడం ఉచితమని నా అభిప్రాయం. కోర్ల సంఖ్య చూసి మురిసిపోనక్కరలేదు; ఆర్‌లోని సాధారణ ఆదేశాలు చాలావరకు ఒకే కోరుపై నడుస్తాయి. పైగా వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. మన ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను సరిగా లేని పలుచని యంత్రం ఎంత శక్తిమంతమైనదైనా ఆ శక్తి పూర్తిగా అందదు.

డ్రోను చిత్రాలు సేకరించేవారికి, తెగుళ్ల ఫొటోలు, రైతు శిక్షణ వీడియోలు భద్రపరిచే విస్తరణ శాస్త్రవేత్తలకు మాత్రం నిల్వే పరిమిత కారకం. వారికైనా ఒకే పెద్ద డిస్కు కంటె రెండు బయటి డిస్కులు శ్రేయస్కరం. రెండింటిలో ప్రతులుంచి, ఒకదానిని వేరే చోట భద్రపరచాలి. గడచిన ఖరీఫ్ పంటను మళ్లీ ఫొటో తీయలేము.

కొనుగోలుకు ముందు, విభాగంలోని కంప్యూటరుపై తమ అసలు పనినే నడిపి విండోస్ టాస్క్ మేనేజరును గమనించండి. ప్రాసెసర్, మెమొరీ, డిస్కు అనే వరుసలలో ఏది ఎక్కువసేపు 100 శాతం వద్ద నిలుస్తుందో చూడండి. ఒక కోరు మాత్రమే పనిచేస్తుంటే ప్రాసెసర్ వరుస మొత్తంగా తక్కువ శాతమే చూపవచ్చు. అప్పుడు కోర్లను విడివిడిగా చూడాలి.