ఒప్పించే రాత: నందిని మాస్టారి మాటలు

నందిని ఛత్తీస్‌గఢ్‌లోని సున్నపురాయి గనుల ఊరు. ఇక్కడి రాయి భిలాయి ఉక్కు కొలిముల్లోకి వెళ్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన మనవాళ్ల పిల్లలకు ఇక్కడ వాదన రాయడం నేర్పాను. ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న మీకు నాలుగు మాటలు.

1. నినాదం జనాన్ని కదిలిస్తుంది. కాదన్నవాణ్ణి ఒప్పించేది కారణమే.

విశాఖ ఉక్కు మీద రాయమంటే పిల్లలు ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని మొదలుపెట్టి, అదే మాటను తిప్పి తిప్పి రాసి ముగించేవారు. ఉక్కు కర్మాగారం విశాఖలోనే పెట్టాలని 1966లో సాగిన ఉద్యమంలో, ఆ మాట కోసం 32 మంది ప్రాణాలు పోయాయి. దాన్ని తక్కువ చేయలేం. కానీ ‘మీకే ఎందుకు?’ అని పక్క రాష్ట్రంవాడు అడిగితే? తరగతి నిశ్శబ్దమయ్యేది. అప్పుడు కారణాలు వెతికేవాళ్లం. 1965లోనే నిపుణుల బృందం విశాఖను సిఫారసు చేసింది. ఓడరేవు ఉంది. బొగ్గు బయటి దేశాల నుంచి తెచ్చుకోవాలన్నా సముద్రమే దారి. బైలదిల్లా ఇనుప ఖనిజం రైల్లో ఆ రేవుకే దిగుతుంది. ‘అది మన ఛత్తీస్‌గఢ్ ఖనిజం కదా మాస్టారూ, వాళ్లకెందుకివ్వాలి?’ అన్నాడొక పిల్లవాడు. అసలు వాదన అక్కడ మొదలైంది. అంతవరకూ రాసినదాన్ని తరగతంతా కొట్టేసి మళ్లీ రాసింది.

2. చదివేవాడెవరో తేల్చుకున్నాకే కలం పట్టాలి.

గని దుమ్ము గురించి గని అధికారికి రాసే ఉత్తరం వేరు, శ్రీకాకుళంలోని తాతయ్యకు రాసేది వేరు. మా పిల్లలు మొదటిది హిందీలో చక్కగా రాసేవారు. రెండోదానికి తెలుగు చాలేది కాదు. ఆ లోటు నన్నిప్పటికీ బాధిస్తుంది.

3. ఎదుటివాడి కొలతతోనే కొలిచి చూపాలి.

గ్రాంథికవాదులను మూర్ఖులని తిట్టి వ్యాసం పూర్తయిందనుకునే విద్యార్థులకు గిడుగు రామమూర్తి పంతులు గారిని చూపేవాణ్ణి. గ్రాంథికమే రాయాలన్న పండితుల గ్రాంథికంలోనే ఆయన తప్పులు ఎత్తి చూపారు. ప్రాచీన గ్రంథాల్లోంచే వ్యవహార రూపాలకు సాక్ష్యాలు తెచ్చారు. తిట్టుకు బదులు తిట్టొస్తుంది. సాక్ష్యానికి జవాబు చెప్పుకోవాలి.

4. ఓడిన వాదనకూ పూర్తి మార్కులు వేయండి.

మన బడులు పేజీలు లెక్కపెడతాయి, ఉపాధ్యాయుడి అభిప్రాయంతో కలిసిన జవాబును మెచ్చుకుంటాయి. పిల్లలు అది పసిగట్టి, తాము నమ్మనిది రాయడం నేర్చుకుంటారు. ఇంతకంటే పెద్ద నష్టం నేను చూడలేదు. మీ తరగతిలో, వాడుక భాషలో రాయాలని వాదించిన గురజాడ అప్పారావు గారి అసమ్మతి పత్రం గురించి చెప్పండి. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించారు. 1915లో ఆయన కన్నుమూసే నాటికి ఆ వాదన నెగ్గలేదు. ఇవాళ మనం రాసుకుంటున్నది మాత్రం ఆయన కోరిన తెలుగే. తెలుగు కోసం పోరాడిన ఆ పత్రాన్ని ఆయన ఇంగ్లీషులో రాశారు. తీర్పు చెప్పవలసిన విశ్వవిద్యాలయం వ్యవహారం నడిచేది ఆ భాషలోనే.