కొల్లేరు నీరు – మన పాడి



కొల్లేరు మాట వస్తే అది చేపల చెరువుల వారి గొడవ, పాడి రైతుకు దానితో ఏమి పని అని సంఘాల తనిఖీకి వచ్చినప్పుడు మమ్ములను అడుగుతుంటారు. గేదె తాగే నీరు, మేసే పచ్చిక, తినే వరిగడ్డి, ఈ మూడూ ఆ సరస్సుతో ముడిపడినవే. కనుక ఈ విషయం మనందరం తెలుసుకోవలసి ఉన్నది.

1. సరస్సు చేసే పని

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరులతో పాటు అనేక మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. నీరు సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వర్షాకాలంలో సరస్సు వరదను తనలో ఇముడ్చుకుని నెమ్మదిగా వదులుతుంది. వేసవిలో నీరు తీసిన మేర పచ్చిక మొలిచి పశువులకు మేత అవుతుంది.

2. మనుషులు చేసిన మార్పు

1970 దశకంలో ప్రభుత్వ ప్రోత్సాహంతో సహకార సంఘాల ద్వారానే ఇక్కడ చేపల చెరువులు మొదలైనవి. తరువాత ప్రైవేటు చెరువులు విస్తరించి, గట్లు నీటి నడకకు అడ్డం వచ్చినవి. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో గట్లు కొట్టివేశారు; కాని చాలాచోట్ల చెరువులు తిరిగి వెలిసినవి. చెరువుల వారిని మాత్రమే నిందించుట న్యాయం కాదు. పట్టణాల మురుగు, మన చేల ఎరువులు, మందులు కూడా అక్కడికే చేరుతున్నవి. ఆ ఎరువు బలంతోనే గుర్రపుడెక్క దట్టంగా పెరిగి కాలువలను పూడ్చుతున్నది.

3. పాడికి కలిగే నష్టం

(అ) మేత: చేను చెరువైతే గడ్డి లేదు. మురుగు పోక వరద నిలిచిన చేలలో గడ్డి కుళ్ళుతుంది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ వరదలలో కూడా ఇదే తీరు.

(ఆ) ఆరోగ్యం: నిలువ నీటిలోని నత్తల ద్వారా కార్జపు జలగ వ్యాపిస్తుంది. దాని పిల్లలు నీటి అంచు గడ్డికి అంటుకుని పశువు కడుపులోకి పోతాయి. పశువు చిక్కిపోయి, దవడ కింద నీరు దిగి, పాలు తగ్గుతాయి.

(ఇ) పాల నాణ్యత: కొన్ని పురుగుమందులు కొవ్వులో నిలుస్తాయి. గడ్డితో గేదెలో చేరి, వెన్నతో పాటు పాలలోకి వస్తాయి. కాచినా పోవు, లాక్టోమీటరు వీటిని పట్టలేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛతో ఆసుపత్రి పాలైనప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలు ముఖ్య కారణం కావచ్చునని నిపుణులు తెలిపారు. పాలు ముందుగా తాగేది పిల్లలు అని మనం మరువరాదు.

4. సభ్యులు చేయవలసిన పనులు

– మందు డబ్బాలను కాలువలో కడగరాదు. వాటిలో నీరు గాని పాలు గాని పోయరాదు.
– మందు చల్లిన చేని గడ్డిని, గట్టు పచ్చికను గడువు తీరకుండా మేపరాదు.
– పశువులకు బోరు లేక మంచినీటి తొట్టి ఏర్పాటు చేయాలి. మురుగు కాలువ నీరు తాపరాదు.
– పశువైద్యుని సలహాపై జలగ మందు వేయించాలి. ఎన్ని రోజులు ఆ పాలు కేంద్రంలో పోయరాదో అడిగి పాటించాలి.
– పేడను కాలువ గట్టున వేయక గోతిలో వేయాలి. గుర్రపుడెక్కను తీసి అదే గోతిలో కలిపితే ఎరువగును.
– ఊరి మురుగు కాలువ పూడిక విషయం సర్వసభ్య సమావేశంలో తీర్మానించి, పంచాయతీకి, డ్రైనేజి అధికారులకు పంపి, నకలు మినిట్స్ పుస్తకంలో ఉంచాలి. ఒక్కడు చెబితే ఫిర్యాదు, సంఘం చెబితే తీర్మానం.

చర్చకు ప్రశ్నలు

1. మన ఊరి మురుగు ఏ కాలువ గుండా ఎక్కడికి చేరుతున్నది?
2. పదేళ్ళలో మన సంఘ పరిధిలో మేత భూమి ఎంత తగ్గినది?
3. పాల క్యాన్లు కడిగే నీరు ఎక్కడిది?

వచ్చే సమావేశంలో వీటికి సమాధానాలు రాసి ఉంచండి. తనిఖీకి వచ్చినప్పుడు లెక్కల పుస్తకాలతో పాటు వాటినీ చూచెదము.