కంటిలో నాటిన విత్తనాలు

పిల్లలూ! నిర్మల్ జిల్లా ఖానాపూర్ వైపు వెళితే పొలాలు చూడండి. సదర్‌మాట్ ఆనకట్ట కింద వరి పండిస్తారు. ముందు చిన్న మడిలో నారు పోసి, ఎదిగాక పొలమంతా నాటుతారు. పసుపుకైతే సాధారణంగా నారుమడి అక్కరలేదు. దుంప ముక్కలను నేరుగా చేలోనే పాతుతారు. ఈ రెండు పద్ధతులనూ గుర్తుంచుకోండి. వైద్యులు వీటివంటి పద్ధతులతోనే కంటికి చూపు తెప్పిస్తున్నారు!

అద్దంలో మీ కన్ను చూసుకోండి. నల్లగుడ్డుపై గడియారపు అద్దంలాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. అదే శుక్లపటలం. దాని పైకణాలు రోజూ రాలిపోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. ఎక్కడినుంచి? నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచున సన్నని వలయం ఉంది. అందులోని మూలకణాలే వాటికి విత్తనాలు.

తాంబూలంలో వేసే సున్నం కంటిలో పడిందనుకోండి. సున్నం క్షారం. అది ఆ వలయాన్ని కాల్చివేయగలదు. పైరు పోయిన మడిలో కలుపు పాకినట్లు, తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా శుక్లపటలం మీదికి పాకుతుంది. చూపు మసకబారుతుంది. నేత్రదానంలో వచ్చిన శుక్లపటలాన్ని అమర్చినా నిలవదు. దాని పైపొరను పెంచే విత్తనాలు లేవు గదా!

రెండో కన్ను బాగుంటే అక్కడినుంచి విత్తనం తేవచ్చు. 1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు మంచి కంటి అంచునుంచి రవంత ముక్క తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చారు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001లో ఈ చికిత్స మొదలైంది. కణాలను ఉమ్మనీటి సంచి పొరపై సుమారు రెండు వారాలు పెంచేవారు. ఇది నారుమడి పద్ధతి. 200 మందిలో 71 శాతం మందికి ఫలించిందని 2011లో ప్రకటించారు.

కాని ఇందులో చిక్కు ఉంది. ప్రయోగశాలలో ఒక్క సూక్ష్మజీవి చేరినా పంట పాడవుతుంది. ఒకరి కణాలు మరొకరివాటితో కలవరాదు. అందుకే ఖర్చు ఎక్కువ.

2012లో ఆ సంస్థలోని డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం సులువైన మార్గం చెప్పింది. ముందు కలుపు తీసినట్లు, పాకిన పొరను తీసివేస్తారు. ఉమ్మనీటి సంచి పొరను కంటిపై పరుస్తారు. మంచి కంటినుంచి తీసిన 2 మిల్లీమీటర్ల ముక్కను 8 నుంచి 10 తునకలు చేసి, దానిపై జిగురుతో అతికిస్తారు. తునకలనుంచి కణాలు పెరిగి పరచుకుంటాయి. ఇది పసుపు పద్ధతి. కన్నే ప్రయోగశాల! 2016లో ప్రకటించిన ఫలితాల్లో 125 మందిలో 95 మందికి ఇది నిలిచింది. ఆ 125 మందిలో 60 మంది పిల్లలే.

అయితే రెండు కళ్ళూ కాలితే సొంత విత్తనం దొరకదు. ఇతరుల కణాలను శరీరం తిరస్కరించవచ్చు. కనుక సున్నం పొట్లాలతో ఆడకండి. కంటిలో పడితే పాలు, నూనె పోయకండి. వెంటనే శుభ్రమైన నీటితో కనీసం అరగంట కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి. విత్తనాలను కాపాడేది ఆ మొదటి చెంబు నీళ్ళే.