క్వెన్యా సంఖ్యావాచకాలు – నిరుక్తి విచారణ

సంఖ్యావాచకాల వ్యుత్పత్తి విచారణలో పదం ముందా, దానికి చెప్పే కారణం ముందా అన్న సంశయం తరచు కలుగుతుంది. యాస్కుడు నిరుక్తం తృతీయాధ్యాయంలో ఏకశబ్దాన్ని గమనంతోను, ద్విశబ్దాన్ని పరుగుతోను, త్రిశబ్దాన్ని తరణంతోను అన్వయించాడు. ఇట్టి సంశయాన్నే ఒక కల్పితభాష విషయంలో దాని కర్త తానే లేవనెత్తి, తానే సమాధానం సూచించడం విశేషం.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) తన గాథలలోని ఎల్ఫులనే అమరజాతికి క్వెన్యా భాషను కల్పించాడు. అందులో మిన్, అత్త, నెల్దె, కంత, లెంపె, ఎంక్వె అనేవి క్రమంగా ఒకటి మొదలు ఆరు వరకు గల సంఖ్యలు. లెంపె, వేలు అనే అర్థంగల లెపెర్ ఏకధాతుజన్యాలు. పదకొండు మింక్వె, పన్నెండు యుంక్వె. సంస్కృతంలోని ఏకాదశ, ద్వాదశ శబ్దాలు, తెలుగులోని పదకొండు, పన్నెండు పదిని ఆశ్రయించినవి. క్వెన్యా పదాలలో పదికి వాచకమైన కైనెన్ లేదు. ఎల్ఫుల గణనకు పన్నెండు ప్రధానం. వారి దీర్ఘవర్షం 144 సౌరవర్షాలు.

ఈ గణనకు మూలంగా ఒక బాలకథ కలదు. ఇది 1994లో ప్రకటితమైన ‘ద వార్ ఆఫ్ ద జూయెల్స్’ సంపుటంలో ఉన్నది. ఇమిన్, తత, ఎనెల్ అనే ముగ్గురు తమ భార్యలతో మొదట మేల్కొన్నారు. తరువాత కనిపించిన ఆరు జంటలను ఇమిన్ స్వీకరించాడు. తొమ్మిది, పదునెనిమిది జంటలు తతకు, పన్నెండు, ఇరువదినాలుగు జంటలు ఎనెల్‌కు చేరాయి. దంపతులతో కలిపి వారి గణాలు క్రమంగా 14, 56, 74, మొత్తం 144. ఇంతకు మించి ఎవరూ కనిపించనందున ఎల్ఫులు పన్నెండ్లతో లెక్కించసాగారని, చిరకాలం 144 వారికి పరమసంఖ్య అయినదని కథ చెబుతుంది.

ఆ ముగ్గురి పేర్ల నుండియే మొదటి మూడు సంఖ్యావాచకాలు పుట్టాయని కథలోని మాట. ఇది పూర్వపక్షం. వాస్తవం దీనికి విపర్యయమై ఉండవచ్చునని, సంఖ్యాపదాలు ఏర్పడిన తరువాతనే వారికి ఆ పేర్లు కలిగాయని టోల్కీన్ టిప్పణి. ఇది సిద్ధాంతం.

అయినా పూర్వపక్షం నిరర్థకం కాదు. కథ వినే బాలుడు జంటలను కూడుతూ, పన్నెండు పన్నెండ్లు 144 అన్న లెక్కను అభ్యసిస్తాడు. వ్యుత్పత్తిగా నిలువని నిర్వచనం బోధనోపాయంగా నిలుస్తున్నది. ప్రాచీన నిర్వచనాలను పరిశీలించేటప్పుడు కూడ పదచరిత్ర, అర్థబోధ అనే ఈ రెండు ప్రయోజనాలను వేరుచేసి చూడడం న్యాయం. ఒకదానిలోని లోపాన్ని రెండవదానికి ఆరోపించరాదు.