లోహబంధకములు – కేన్సరు వ్యాధి

నీటి కాఠిన్యమును కొలుచుటకై బ్యూరెట్టులో ఇ.డి.టి.ఏ. ద్రావణమును పోసి, ద్రాక్షసారపు ఎరుపు నీలముగా మారు క్షణమునకై వేచియుండుట రసాయనశాస్త్ర విద్యార్థులమైన మనకందరికిని అనుభవమే. కాల్షియం, మెగ్నీషియం అయానులన్నియు ఇ.డి.టి.ఏ. పట్టులో చిక్కినవని ఆ నీలము మనకు తెలుపును. లోహమును ఒకటికంటె ఎక్కువ చోట్ల పట్టుకొను ఇట్టి బంధమునకు 1920లో మోర్గన్, డ్రూ అను శాస్త్రజ్ఞులు 'కీలేటు' అని పేరిడిరి. గ్రీకు భాషలో ఆ మాటకు మూలము ఎండ్రకాయ డెక్క. లాటిన్‌లో కేన్సరు అనగా ఎండ్రకాయయే! ఇది యాదృచ్ఛికమే కాని, ఆ డెక్కతో ఈ ఎండ్రకాయను పట్టు ప్రయత్నము నిజముగానే జరుగుచున్నది.

దీనికి కీలకము ఇనుము. కణము రెండుగా చీలుటకు ముందు తన డి.ఎన్.ఏ.ను ఇబ్బడి చేసికొనవలెను. అందుకు ముడిసరుకును సిద్ధపరచు రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అను ఎంజైము ఇనుము లేనిదే పనిచేయదు. కనుకనే పెక్కు కేన్సరు కణములు ఇనుమును లోనికి తెచ్చు గ్రాహకములను తమ పైపొరపై అధికముగా నిలుపుకొనును. ఆ ఇనుమును మనము ముందే లాగివేసిన యెడల?

తలసీమియా రోగులకు మాటిమాటికి రక్తమెక్కించుటచే దేహమున పేరుకొను ఇనుమును తొలగించు డెస్ఫెరియాక్సమిన్‌ను కేన్సరుపైనను పరీక్షించిరి. అది కణములోనికి సులభముగా చొరదు. రక్తమున ఎక్కువసేపు నిలువదు. ఫలితము స్వల్పము. అంతకంటె చురుకైనది థయోసెమికార్బజోన్ల కుటుంబమునకు చెందిన ట్రయాపిన్. ఇది ఇనుముతో కూడి పై ఎంజైమును స్తంభింపజేయును. చిక్కు ఇచ్చటనే కలదు. కణితికి ప్రాణమైన ఇనుమే మన రక్తమునకును ప్రాణము. కొందరు రోగులలో ఈ మందు హీమోగ్లోబిన్‌ను మెథ్‌హీమోగ్లోబిన్‌గా మార్చినది. అది ప్రాణవాయువును మోయజాలదు. గర్భాశయ ముఖద్వార కేన్సరునకు రేడియేషన్, సిస్‌ప్లాటిన్‌లతో పాటు ట్రయాపిన్‌ను చేర్చి జరిపిన పెద్ద పరీక్షలో రోగుల ఆయుష్షు పెరుగలేదని 2023లో తేలినది.

ఇనుము కేన్సరునకు మేత అని విని, రక్తహీనతకు డాక్టరు వ్రాసిన ఇనుము మాత్రలను మన ఇండ్లలో ఎవరును మానివేయరాదు. అది వేరు సంగతి.

ట్రయాపిన్ ఓడినంతమాత్రమున మార్గమే తప్పనుట తొందరపాటని మేము తలచుచున్నాము. అదే ఎంజైమును అడ్డగించు హైడ్రాక్సీయూరియా కొన్ని రక్త కేన్సరులలో చిరకాలముగా వాడుకలో నున్నది. అనగా గురి సరియైనదే. రక్తపు ఇనుమును విడిచి కణితి ఇనుమును మాత్రమే పట్టు డెక్క ఇంకను చేత చిక్కలేదు.