ఓమ్స్ కంటే ముందు సున్నా

చిరంజీవి మనవడికి,

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు తీసుకుని మల్టీమీటర్ చేతబట్టావు కాబట్టి ఈ ఉత్తరం. ఓమ్స్ రేంజిలో పెట్టే ముందు సర్క్యూట్‌లో కరెంటు పూర్తిగా తీసెయ్యమంటారు. అది ప్రాణం కోసం చెప్పే జాగ్రత్తేనని చాలామంది అనుకుంటారు. రీడింగ్ నిజం కావడానికీ అదే షరతు. మీటర్ తన బ్యాటరీ నుంచి తనకు లెక్క తెలిసిన కొద్దిపాటి కరెంటు పంపి, ఆ వస్తువు మీద ఎంత వోల్టేజి పడిందో చూసి, ఓమ్ సూత్రంతో రెసిస్టెన్స్ కడుతుంది. అక్కడ మరో కరెంటు కలిస్తే లెక్క తప్పుతుంది. కలిసింది 230 వోల్టుల మెయిన్స్ అయితే చవక మీటర్ కాలిపోవచ్చు, పట్టుకున్న చేతికీ ముప్పే.

స్విచ్ ఆపాను, చాలదా అంటావేమో. ఇంట్లో మామూలు స్విచ్ ఒక్క వైరునే తెంపుతుంది. వైరింగులో పొరపాటున అది న్యూట్రల్‌లో పడితే, స్విచ్ ఆపినా సామాను దాకా ఫేజు వస్తూనే ఉంటుంది. అందుకే ప్లగ్ పీకెయ్, ప్లగ్ లేనిచోట ఎంసీబీ దించు. తర్వాత ఏసీ వోల్టేజి రేంజిలో ముందు కరెంటున్న సాకెట్ చూడు, ఆపైన పని చేసేచోట వైర్ల మధ్యా, ప్రతి వైరుకూ ఎర్తుకూ మధ్యా సున్నా వచ్చిందో చూడు, మళ్లీ ఆ సాకెట్ చూడు. ప్రోబు వైరు మధ్యలో తెగినా మీటర్ సున్నాయే చూపిస్తుంది. ఈ మూడో చూపు ఆ మోసాన్ని పట్టిస్తుంది. టీవీ, కంప్యూటర్ పవర్ సప్లైల్లో ఇంకో చిక్కుంది. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ నిలిచి ఉండొచ్చు. ఏసీ రేంజి దాన్ని సరిగ్గా చూపదు, డీసీలో చూడాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యకుండా, తగిన రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి మళ్లీ చూసుకో.

గీజర్ ఎలిమెంట్‌నే తీసుకో. 2000 వాట్లదైతే, 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే దాదాపు 26 ఓమ్స్. వైర్లు విప్పి ఎలిమెంట్‌ను విడిగా చూడు. లేకపోతే పక్కదారుల్లో పోయే కరెంటు కూడా లెక్కలోకొస్తుంది. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన పాయింటు రెండో మూడో ఓమ్స్‌ను రీడింగ్‌లోంచి తీసెయ్. 26 దరిదాపుల్లో వస్తే ఎలిమెంట్ తెగలేదు. ఓఎల్ అని, అంటే రేంజి దాటిందని వస్తే తెగింది. ఎలిమెంట్‌కీ దాని లోహపు తొడుగుకీ మధ్య చూసినప్పుడు మాత్రం ఓఎల్ వచ్చిందని షాక్ కొట్టదనుకోకు. మల్టీమీటర్ పంపే కొద్ది వోల్టేజికి బయటపడని లీకేజి మెయిన్స్‌లో బయటపడొచ్చు. అది తేల్చడానికి 500 వోల్టుల మెగ్గర్, అంటే ఇన్సులేషన్ టెస్టర్ కావాలి.

మంచి మీటర్లో రక్షణ ఉంటుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఉంటుంది, కాదనను. కానీ అది ఎప్పుడైనా జరిగే పొరపాటును కాయడానికి పెట్టింది. దాని అండ చూసుకుని రోజూ కరెంటున్నచోట ఓమ్స్ పెడితే మీటర్ బతికినా రీడింగ్ తప్పే వస్తుంది, ఆ తప్పుడు అంకెతో బాగున్న పార్టు మార్చేస్తావు. సున్నా ఉందో లేదో చూసుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది. పక్కనున్న పెద్ద మేస్త్రీ తొందరపెట్టినా ఆ నిమిషం వదులుకోకు నాయనా. వోల్టుల్లో సున్నా చూశాకే డయల్‌ను ఓమ్స్‌కు తిప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య