ఏసీ క్యాబిను గల ట్రాక్టర్లలో నీటి గొట్టముల సంరక్షణ

వరి కోతల కాలమున కొన్ని ఏసీ ట్రాక్టర్లలో క్యాబిను పైకప్పు నుండి నీరు కారి డ్రైవరు మెడపై పడుట కలదు. గ్యాసు పోయినదని తలచి వృథాగా డబ్బు వెచ్చించువారున్నారు. చాలవరకు అది నీటి గొట్టము పూడుకొనుట వలన కలిగిన చిక్కే.

చల్లని కాయిలుకు తగిలిన గాలిలోని తేమ నీరై, దిగువ పళ్ళెములో చేరి, గొట్టముల ద్వారా నేలపై పడవలెను. కనుక ట్రాక్టరు క్రింద చుక్కలు పడుట దోషము కాదు. ఉక్కపోత దినమున పడకున్ననే అనుమానింపవలెను. రోహిణీ కార్తె పొడిగాలిలో మాత్రము నీరు తక్కువగా వచ్చుట సహజము.

పెక్కు ట్రాక్టర్లలో కాయిలు పైకప్పులోనే యుండును. గొట్టములు క్యాబిను స్తంభముల వెంట దిగును. ఊక, ధూళి తడిసి బురదయై వీనిని మూయును. యంత్రము కొన్ని వారములు నిలిచియున్నచో కందిరీగలు గొట్టపు కొనలో మట్టిగూడు కట్టుటయు కలదు.

ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, మెత్తని ప్లాస్టిక్ పుల్లతో కొనలలోని అడ్డు తొలగింపుడు. పిమ్మట పళ్ళెములో గ్లాసెడు నీరు మెల్లగా పోసి చూడవలెను. రెండు వైపుల గొట్టములున్నచో రెండింటిని పరీక్షింపవలెను. గట్టుపై ట్రాక్టరు ఒరిగినపుడు పల్లపు వైపు గొట్టమే నీటిని దింపును. కంప్రెసరు గాలిని పూర్తి ఒత్తిడితో వదలరాదు. స్తంభము లోపలి అతుకు ఊడినచో నీరు కరెంటు వైర్లపై పడగలదు. నోటితో ఊదుట అసలే కూడదు. పురుగుమందు చల్లిన పొలములలో తిరిగిన యంత్రమది.

గొట్టము బాగున్నను నీరు కారినచో గాలి ఫిల్టరు చూడుడు. అది పూడినచో కాయిలుపై మంచు పట్టి, ఏసీ ఆపగనే కరిగి పళ్ళెము పొర్లును. ఫిల్టరు శుభ్రపరచిన పిమ్మటను మంచు పట్టుచున్నచో మెకానికును పిలువవలెను.

ఈ నీటిని కొందరు బ్యాటరీలో పోయుచున్నారు. ఇందు దుమ్ము, లోహపు మలినములు కలిసియుండును గనుక అది తగదు.